గడియ లేని గేటు

ఉదయము ఎనిమిదిన్నర గంటలకు తాడేపల్లిగూడెములోని ఒక కాలనీ సందులో, గోడమీద కుందేలు బొమ్మయు ఏనుగు బొమ్మయు వేసిన ఒక చిన్న డాబాయింటి ముందు, స్కూటీలు ఒకదాని వెనుక నొకటి వచ్చి ఆగుచుండును. ఆగిన ప్రతి బండిమీదినుండియు, నిదుర తీరని కన్నులతో, మెడలో నీళ్ళసీసాతో, చేతిలో సగము కొరికిన బిస్కత్తుతో ఒక పసివాడు దిగును. వాని తల్లి, బ్యాంకులో పనిచేయునదియో, కళాశాలలో పాఠము చెప్పునదియో, బట్టలకొట్టులో చీరలు విప్పి చూపునదియో, బిడ్డను ఆయా చంకకు అందించి, వాడు గుక్క పట్టులోపలనే బండి త్రిప్పుకొని పోవును. సాయంకాలము ఐదున్నర వరకు వాడు ఆ యింటి బిడ్డ. తొమ్మిది గంటల కాలము. రెండేండ్ల ప్రాణమునకు అది మెలకువగా నుండు దినమంతయు నన్నమాట.

ఆ యింటి యజమానురాలు చదువుకొన్నది, ఓర్పు గలది. "అమ్మా, దీనికి లైసెన్సు ఎవరిస్తారు?" అని నేనడుగగా నొచ్చుకొనక, గోడకు తగిలించిన అద్దపు చట్రమును చూపినది. "మున్సిపాలిటీ వారిదండి. ఏటేటా రెన్యూవల్ చేయిస్తున్నాం. రసీదు కూడా ఉందండి, తీసి చూపించమంటారా?" దగ్గరకు పోయి చదివితిని. అది ట్రేడు లైసెన్సు. మిక్సీలు బాగుచేయు కొట్టునకును, మిఠాయి దుకాణమునకును, సెలూనుకును పురపాలక సంఘమువారు ఏ కాగితము నిత్తురో ఆ కాగితమే. లోపల ఎందరు బిడ్డలుందురో, వారిని కనిపెట్టి చూచువారెందరో, వంటగది తలుపు ఎటు తెరచుకొనునో వ్రాయుటకు అందు చోటు లేదు. ఇందు ఆమె దోషమేమియు లేదు. ఏ గుమ్మము తొక్కి ఏ దరఖాస్తు పెట్టుకొనవలెనో ఆమెకు చెప్పగల నాథుడెవ్వడు?

చట్టములు లేవా యన్నచో, లేకేమి, కావలసినన్ని యున్నవి. కాని అవి బిడ్డ చుట్టును తిరిగి పోవునే గాని బిడ్డను ఎత్తుకొనవు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరేండ్లు నిండినవానితో మొదలగును. ఆరేండ్లలోపు వానిని 2002లో సవరించిన రాజ్యాంగపు 45వ అధికరణము, ప్రభుత్వము వాని సంరక్షణకై ప్రయత్నింపవలెననెడి సదాశయమునకు అప్పగించినది. ప్రైవేటు పాఠశాల పెట్టగోరువాడు 1994 జనవరి 1వ తేదీనాటి జీవో నంబరు 1 ప్రకారము అనుమతి తెచ్చుకొని, భవనము గట్టిదని ఇంజనీరు చేతను, మరుగుదొడ్లు శుభ్రమని ఆరోగ్యశాఖ చేతను వ్రాయించుకొని, కాళ్ళరిగిపోవునట్లు తిరుగవలసినదే. కాని పలకయు బలపమును ఎరుగని పిల్లలను పడుకోబెట్టి లేపెడి యిల్లు పాఠశాల ఎట్లగును? మూడు మొదలు ఆరేండ్ల వారి ప్లేస్కూళ్ళకు జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషనువారు నియమములు వ్రాసిరి. 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండవలెనన్నారు. కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖవారు 2018లో క్రెష్‌లకు కనీస ప్రమాణములు ప్రకటించి, బిడ్డకు 10 నుండి 12 చదరపు అడుగుల చోటు వలయునన్నారు. అనగా చిన్న చాప పరచినంత. మంచి మాటలే. అయితే ఈ రెండింటికిని పేరు మార్గదర్శకములు. పాటించినవాడు పుణ్యాత్ముడు, పాటింపనివానిని అడుగువాడు లేడు.

ఇక తనిఖీ యనగా ఎట్లుండవలెనో చూడవలెనన్న అనాథ బాలల చట్టమును చూడవలెను. 2015 నాటి బాలల న్యాయ చట్టము 41వ సెక్షను ప్రకారము, దిక్కులేని పిల్లలను ఉంచుకొను ప్రతి ఆశ్రమమును రిజిస్టరు కావలెను. కానిచో నడుపువానికి ఏడాది వరకు జైలు గాని, లక్షకు తక్కువ కాని జరిమానా గాని, రెండును గాని తప్పవు. 54వ సెక్షను క్రింద, ముగ్గురికి తగ్గకుండ, అందొక స్త్రీయు ఒక వైద్యాధికారియు నుండునట్లు ఒక తనిఖీ బృందము మూడు నెలలకొక పర్యాయమైనను పోయి చూచి, వారములోపల నివేదిక సమర్పింపవలెను. తల్లిదండ్రులు లేని బిడ్డకు ప్రభుత్వమే తల్లిదండ్రియై నిలుచుట ధర్మమే. కాని తల్లియు తండ్రియు సజీవులై, ఇరువురును కొలువులకు పోయిన పాపమునకు, వారి బిడ్డ ఆ తొమ్మిది గంటలును ఏ సెక్షనుకును చెందనివాడగుచున్నాడే, ఈ విడ్డూరమును ఏమందుము?

నిప్పు మాటయు ఇట్లే యున్నది. 2004 జూలై 16న కుంభకోణములో వంటపాకనుండి రేగిన మంట బడి కప్పు తాటాకుల నంటుకొని 94 మంది చిన్నారులను బలిగొన్న పిమ్మట, దేశమంతయు ఉలికిపడినది. సుప్రీము కోర్టు 2009 ఏప్రిలులో ప్రతి బడిలోను మంటలార్పు సాధనములుండవలెననియు, భవన నియమావళిని పాటింపవలెననియు ఆదేశించినది. మన రాష్ట్రములో 1999 నాటి అగ్నిమాపక చట్టము అంతకు ముందే ఉన్నది. బడులు, సినిమాహాళ్ళు, ఫంక్షను హాళ్ళు మొదలైన జనము గుమికూడు కట్టడములకు, స్థలము 500 చదరపు మీటర్లున్నను ఎత్తు 6 మీటర్లు దాటినను ఎన్‌వోసీ కావలెను. 500 మీటర్లనగా మన లెక్కలో ఇంచుమించు 600 గజములు. గూడెములో మధ్యతరగతివాని ప్లాటు 200 గజములు, డాబా ఎత్తు పన్నెండడుగులు. కావున ఫైరాఫీసరు ఆ సందులోనికి రానక్కరలేదు. ఆ యింటిలో వంటగదికిని పిల్లలు పండుకొను గదికిని నడుమ నున్నది పూసల తెర.

నిప్పు సంగతి చెప్పితిని గాని, మా ప్రాంతమునకు నిప్పుకంటె నీటి భయమే మెండు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లమున పడుకొని యున్న కొల్లేరునకు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏళ్ళన్నియు వచ్చి చేరును. పోవుటకు మాత్రము ఉప్పుటేరు ఒక్కటే దారి. 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యముగా ప్రకటితమై, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కిన ఈ సరస్సులో, ఐదవ కాంటూరు (సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వము కొట్టివేయించినది. గట్లు మరల లేచిన తరువాతి కథ ఏలూరువారికిని కైకలూరువారికిని నేను చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి ఇటు దిగినప్పుడు లంకగ్రామములు ఎన్ని దినములు నీటిలో నానినవో చూచినవారు మరువరు. వరద లేని దినములలో సైతము అచ్చట ఇల్లన్నచో ముందు కాలువ, వెనుక చెరువుగట్టు. పెద్దవారికి అది జీవనాధారము. మూడేండ్లవానికి అది గుమ్మము దిగినంత దూరమున నున్న మెరుపు.

అట్టి యొక లంకగ్రామపు అంగన్‌వాడీకి నేను పోయితిని. ఊరి పేరు చెప్పను. చెప్పినచో నాతో మాటలాడిన టీచరమ్మకు మెమో వచ్చునేమోనని భయము. ఒక గది, ఒక వంటిల్లు, ఒక వసారా. మూడు ప్రక్కల ప్రహరీ గోడ, నాలుగవ ప్రక్క ఇనుప గేటు. గేటుకు గడియ లేదు. ఉండవలసినచోట త్రుప్పు పట్టిన రంధ్రమొకటి మిగిలినది. దానిలోనుండి పాత సైకిలు ట్యూబును పొడవుగా కోసిన పట్టీ నొకదానిని దూర్చి, స్తంభమునకు మూడు చుట్లు చుట్టి ముడివేసి యున్నారు. గేటునకు పది బారల దూరములో చెరువు. దాని మీద ఎయిరేటరు చక్రములు గిరగిర తిరుగుచు నురుగు చిమ్ముచున్నవి. గేటు కమ్ముల నడుమ మొగము పెట్టి ఆ చక్రములనే చూచుచున్న ఇద్దరు పిల్లల బుగ్గలమీద కమ్మీల త్రుప్పు చారలుగా అంటినది.

"గడియ సంగతి మూడు మీటింగుల్లో చెప్పానండి," అన్నది టీచరమ్మ. "రాసుకున్నారండి. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, ఫండు రావాలి కదా."

నేనున్న దినముననే సూపర్‌వైజరు తనిఖీకి వచ్చుట తటస్థించినది. సుమారు పాతిక కేంద్రములకు ఆమె యొక్కతె. వచ్చిన వెంటనే, నిజము చెప్పవలెనన్న, చాల శ్రద్ధగా చూచినది. గ్రుడ్లు లెక్కించినది, పాల ప్యాకెట్ల తేదీలు చూచినది, కందిపప్పు సంచిలో చేయిపెట్టి పురుగున్నదేమోయని తడవినది, ఇద్దరు పిల్లలను బరువు తూచి ఎత్తు కొలిచి ఫోనులోని పోషణ్ ట్రాకరులో ఎక్కించినది. లంకలో సిగ్నలు సరిగా అందక ఆ యొక్క పనికే అరగంట పట్టినది. ఆమె పట్టికలో బియ్యమునకు గడి యున్నది, బరువునకు గడి యున్నది, హాజరునకు గడి యున్నది. గేటునకు లేదు. చెరువునకు అంతకంటె లేదు. టీచరమ్మ మరల ఆ మాట ఎత్తగా, సూపర్‌వైజరు ఒక నిట్టూర్పు విడిచి, అడుగున రిమార్కుల వరుసలో, "గేటు గడియ మరమ్మతు అవసరం" అని చిన్న అక్షరములతో వ్రాసినది. పై పుటలు త్రిప్పి చూచితిని. ఆ వాక్యమే, ఆ దస్తూరియే, మరి రెండుచోట్ల కనబడినది.

గడియ యొక్కటే యున్న చాలునా యన్నచో, అదియు కాదు. ఆయా ఇంటింటికిని పోయి రాని పిల్లలను తీసికొనివచ్చు అరగంటలో, టీచరమ్మ పొయ్యిమీది పప్పు అడుగంటకుండ కలుపుచుండగా, పదునేడుగురు పిల్లలను చూచు కన్ను ఎక్కడిది? ఆ అరగంట ఏ రిజిస్టరునకును ఎక్కదు. 2023 డిసెంబరు 12 మొదలు 42 దినములు రాష్ట్రమంతటను అంగన్‌వాడీలు సమ్మె చేసినప్పుడు, అనేక చోట్ల తాళములు పగులగొట్టి సచివాలయ సిబ్బంది చేత కేంద్రములు తెరిపించిరి. తలుపు తెరచినంత మాత్రమున కేంద్రము తెరచినట్లు కాదని నాడు తల్లులకు తెలిసినట్లు మరెవ్వరికిని తెలియలేదు.

ఈ విషయములో మనకు దగ్గరి చుట్టము బంగ్లాదేశము. అదియు చెరువులు కాలువలు వరిమడుల దేశమే. తల్లులు ఇంటిపనిలో మునిగియుండు ఉదయపు వేళనే పసిపిల్లలు నీటిలో పడుచున్నారని గమనించి, అచ్చటి ఆరోగ్య పరిశోధకులు తొమ్మిది గంటలనుండి ఒంటిగంట వరకు పిల్లలను ఒకచోట చేర్చి చూచుకొను కేంద్రములను పల్లెలలో నెలకొల్పిరి. వాని పేరు ఆంచల్. ఆంచల్ అనగా చీర కొంగు. పిల్లవానిని కొంగునకు కట్టుకొని తిరుగుట మన తల్లులకును తెలిసిన విద్యయే గదా! నీటి గండమునుండి పసివారిని కాపాడుటకు ఇట్టి కేంద్రములే తగిన సాధనమని ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2021లో సిఫారసు చేసినది. ఆ సంస్థ లెక్కల ప్రకారము ఆ యేడు ప్రపంచములో నీట మునిగి మరణించినవారు దాదాపు 3 లక్షలు. నలుగురిలో ఒక్కరు ఐదేండ్లలోపు బిడ్డ. అనగా మనము పప్పుబువ్వ పెట్టుటకును పాటలు నేర్పుటకును పెట్టుకొన్నామనుకొను అంగన్‌వాడీ, కొల్లేటి లంకలలో, ఎవరును గుర్తింపకుండనే, ప్రాణరక్షణ కేంద్రమై యున్నది. కాని దాని గేటునకు సైకిలు ట్యూబు.

నీరు మునుగునంత లోతుండనక్కరలేదు, గ్లాసెడైనను చాలునని ఏలూరువారికి తెలియును. 2020 డిసెంబరు 5వ తేదీ మొదలు వన్‌టౌను పేటలలో పిల్లలు పెద్దలు నిలుచున్నచోటనే మూర్ఛిల్లి పడిపోగా, 600 మందికి పైబడి ఆసుపత్రుల పాలైరి. ఎయిమ్స్ వారి రక్తపరీక్షలలో సీసము, నికెలు కనబడినవి, ఇతర సంస్థల పరీక్షలలో పురుగుమందుల జాడలు బయటపడినవి. ఆ తరువాత కొన్నాళ్ళు ఊరిలో ప్రతి యింటను క్యాను నీళ్ళే. లంకలోని అంగన్‌వాడీలో సైతము నీళ్ళ డ్రమ్ముపై మూత, మూతపై ఇటుక యున్నది. ఇటుక ఎందులకని యడిగితిని. "మూత తీసి తొంగిచూస్తారండి, తలకిందులుగా పడిపోతారు," అన్నది ఆయా. ఏ మార్గదర్శకములోను చదువకయే ఆమె ఇటుక పెట్టినది.

ఇక తల్లులు పనిచేయు రొయ్యల షెడ్ల మాట క్లుప్తముగా చెప్పెదను. తెల్లవారకముందే వ్యానులెక్కి పోయి, మంచుగడ్డల నడుమ రొయ్యల తల తీసి పొట్టు వలుచు స్త్రీలలో పాలుత్రాగు బిడ్డల తల్లులును కలరు. 2025 వరకు అమలులో నుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 48వ సెక్షను, 30 మందికి మించి స్త్రీలున్నచోట వారి ఆరేండ్లలోపు పిల్లలకు గాలి వెలుతురు గల గదియు, శిక్షణ పొందిన స్త్రీయు ఉండవలెనన్నది. 2017లో సవరించిన ప్రసూతి చట్టము 50 మంది ఉద్యోగులున్నచోట క్రెష్ పెట్టి, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూచుకొననీయవలెనన్నది. ఉపాధి హామీ పనిలో సైతము ఐదుగురు పిల్లలున్నచో ఒక స్త్రీని వారికి కాపుంచవలెనన్నారు. అన్నియు అంకెలే. కూలీలను తెచ్చెడి మేస్త్రీ పుస్తకములో నున్న స్త్రీ షెడ్డు పుస్తకములో లేనప్పుడు, ఆ అంకె ఎప్పటికిని నిండదు. రాజమహేంద్రవరములో పుట్టిన దుర్గాబాయి దేశముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై పల్లెలలో బాలవాడీలకు గ్రాంటు లిప్పించిన కాలమున ఈ షెడ్లు లేవు.  ఉన్నచో ఆ మేస్త్రీ పుస్తకమును తెప్పించి చూచియుండునని నా యూహ.

ఆనాడు అంగన్‌వాడీలో ఒంటిగంటకు పిల్లలు బువ్వకు కూర్చుండిరి. ఆయా చిన్న స్టీలు పళ్ళెములను వరుసగా పరచి, ఒక్కొక్క పళ్ళెమును తట్టుచు, "పదిహేను, పదహారు," అని ఆగినది. టీచరమ్మ చేతిలోని గరిటె అట్లే నిలిచినది. ఇరువురును ఒక్కసారిగా గేటువైపు చూచిరి. పదునేడవవాడు తలుపు చాటున చెప్పులు వేసికొనుచుండెను. ఎడమది కుడికాలికి.

నేను సెలవు తీసికొని వసారా దిగుచుండగా వెనుకనుండి టీచరమ్మ కేక వినబడినది. "బాబుగారూ, ట్యూబు మూడు చుట్లూ చుట్టండి. రెండు చుడితే వాడు విప్పేస్తాడు."