లీడర్‌షిప్ ప్రోగ్రామ్‌లో ఫెలో అవ్వడం వేరు, ఫ్లైటెక్కడం వేరు

మన గోదారి జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలు మీరూ చూసే ఉంటారు. కోటేసుకున్న నలుగురు పిల్లల ఫొటోలు, కింద "అమెరికాలో అంతర్జాతీయ లీడర్‌షిప్ ప్రోగ్రామ్‌కి ఎంపిక" అని పెద్దక్షరాలు. అది చూసిన కౌలు రైతు కొడుక్కి, రొయ్యల షెడ్డులో పనికెళ్ళే తల్లి కూతురికి ఒకటే డౌటు. ఇదసలు ఏంటి, మనలాంటోళ్ళం ఎళ్ళగలమా? నన్నడిగే పిల్లలూ ఇదే అడుగుతున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన వైపు బాగా వినపడే పేరు యూనివర్సిటీ ఇన్నోవేషన్ ఫెలోస్. ఇది 2012లో అమెరికా ప్రభుత్వ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో, ఇంజనీరింగ్ పిల్లల్ని ఉద్దేశించి మొదలైంది. తర్వాత స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోని డీ స్కూల్ కిందికి వచ్చింది. భీమవరంలో విష్ణు కాలేజీల నుంచి, ఎస్.ఆర్.కె.ఆర్. నుంచి పిల్లలు ఇందులో ఫెలోలయ్యారు. సంతోషమే. మన ఊళ్ళ పిల్లలు ఎక్కడికెళ్ళినా మనకి గర్వమే.

ఇంతకీ ఇందులో ఏం చేయిస్తారంటే, ముందు కాలేజీ తరఫున కొంతమంది పిల్లలు జట్టుగా చేరతారు. ఒక మాస్టారు తోడుంటారు. కొన్ని వారాలు ఆన్‌లైన్‌లో ట్రైనింగ్. తోటి విద్యార్థుల్ని, టీచర్లని కలిసి మాట్లాడాలి. కాలేజీలో ఏమున్నాయో, ఏం లేవో లెక్క రాయాలి. ఏదో ఒక లోటు తీసుకుని దాన్ని సరిచేసే పని మొదలెట్టాలి. వాళ్ళు నేర్పే పద్ధతి పేరు డిజైన్ థింకింగ్. పేరుకి భయపడకండి. ముందు కష్టం పడేవాడి మాట విను, అసలు సమస్య ఏంటో తేల్చుకో, నాలుగు దారులు ఆలోచించు, చవగ్గా ఒక నమూనా చెయ్యి, వాడి చేతికే ఇచ్చి పరీక్షించు. అంతేనండి.

ఈ ట్రైనింగ్ పూర్తి చేస్తే ఫెలో అయినట్టే. స్టాన్‌ఫర్డ్ మీటప్ అనేది ఆ తర్వాత కథ. కాలిఫోర్నియాలో కొన్ని రోజులు దేశదేశాల ఫెలోలు కలిసేవాళ్ళు, గూగుల్ లాంటి చోట్లు చూసేవాళ్ళు. ఏ ఏడాది ఎక్కడ, ఎలా అన్నది వాళ్ళ సొంత వెబ్‌సైట్లోనే చూసుకోవాలి. అంటే నేర్చుకునేది ఎక్కువ భాగం మన ఊళ్ళో కూర్చునే జరుగుతుంది. ఫ్లెక్సీలో మాత్రం విమానమే కనపడుతుంది.

అసలు తంటా అక్కడే ఉంది. పాస్‌పోర్టుకి 1500 రూపాయలు. అమెరికా విజిటర్ వీసా దరఖాస్తు ఫీజు 2023 జూన్ నుంచి 185 డాలర్లు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. ఇంటర్వ్యూకి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కి ఎళ్ళాలి. మళ్ళీ తిరిగొచ్చేస్తావని ఆఫీసరుకి నమ్మకం కలిగించాల్సిన బాధ్యత నీదే, అమెరికా చట్టం అలాగే ఉంది. ఆపైన రానూపోనూ టిక్కెట్టు, బస, తిండి, ఇన్సూరెన్సు. అన్నీ కలిపితే లక్షల్లో మాట. ఫీజు రీయింబర్స్‌మెంటుతో చదివే ఇంట్లో అంత డబ్బంటే బంగారం బ్యాంకులో పెట్టాలి, లేదా నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నేను చెప్పేది ఒక్కటే. ట్రైనింగ్‌కి ఎగబడండి, ప్రయాణానికి అప్పు చెయ్యకండి.

ఇంకో రకం ఉంది, అది మరీ జాగ్రత్త. మెయిల్లో "అభినందనలు, మీరు గ్లోబల్ యూత్ లీడర్‌గా ఎంపికయ్యారు" అని వస్తుంది. బ్యాంకాకో, దుబాయో, మూడు రోజుల సదస్సు. కింద డెలిగేట్ ఫీజు, వారంలో కట్టాలి. ఐక్యరాజ్యసమితి పేరు చుట్టుపక్కల వాడతారు గానీ నడిపేది ప్రైవేటోళ్ళు, జరిగేది హోటల్ హాల్లో. అన్నీ మోసం అనను. కానీ ఎవరు డబ్బు కట్టినా ఎంపికయ్యేదాన్ని ఎంపిక అనరు, టిక్కెట్టు కొనుక్కోవడం అంటారు. మూడు ప్రశ్నలు అడగండి. ఖర్చు ఎవరు పెడతారు? ఎంతమందిలోంచి, ఏం చూసి తీసుకున్నారు? పోయినేడు ఎళ్ళొచ్చినోళ్ళతో మాట్లాడించగలరా?

ఎదురు డబ్బిచ్చి తీసుకెళ్ళేవీ ఉన్నాయి. జర్మనీ డాడ్ సంస్థ వైజ్ పేరుతో మన సైన్సు, ఇంజనీరింగ్ పిల్లలకి అక్కడి ప్రొఫెసర్ల దగ్గర రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌కి స్కాలర్‌షిప్ ఇస్తుంది. కెనడా మైటాక్స్ గ్లోబలింక్‌ది 12 వారాల పని. జపాన్ వాళ్ళ సకురా సైన్స్ 2014 నుంచి నడుస్తోంది. ఇవి లీడర్‌షిప్ పేరుతో ఉండవు, మార్కులు గట్టిగా అడుగుతాయి, పోటీ ఎక్కువ. కానీ అమ్మ పుస్తెలతాడు జోలికి రావు. రూల్సు ఏటా మారతాయి కాబట్టి సెకండియర్ నుంచే కనిపెట్టుకుని ఉండండి.

ఇక కాలేజీల యాజమాన్యాలకి నా మాట. ఆ ఫొటో మీ అడ్మిషన్లకి పనికొస్తోంది కదండీ. మరి ఆ నలుగుర్ని ఎలా తీశారో నోటీసు బోర్డులో పెట్టండి. ఒక్క సీటైనా డబ్బు లేని పిల్లకి పూర్తి ఖర్చుతో ఇవ్వండి. మన గోదారి జిల్లాల నుంచి అమెరికా ఎళ్ళి స్థిరపడ్డ పూర్వ విద్యార్థులు బోలెడుమంది ఉన్నారు, విగ్రహాలకీ గుడి గోపురాలకీ చందాలిచ్చే ఆ చేతుల్నే ఇక్కడ అడగొచ్చు.

ఎళ్ళొచ్చిన పిల్లల్నీ ఒకటి అడుగుదాం. డీ స్కూల్ మొదటి పాఠం కష్టం పడేవాడి మాట వినమనే కదా. మన కాలవ చివరి ఊళ్ళలో నీరందని రైతున్నాడు. చెరువుల మధ్య ఉప్పుదేరిన బోరు నీళ్ళతో తాగునీటికి అల్లాడే వీధులున్నాయి. కోనసీమలో పీచు దుమ్ములో పనిచేసే ఆడవాళ్ళున్నారు. సెల్ఫీలు చూశాం, బాగున్నాయి. వీళ్ళలో ఎవరి దగ్గర కూర్చున్నారో, ఏం మొదలెట్టారో చెప్తే అదీ వింటాం. పాస్‌పోర్టు లేని పిల్లలు కూడా ఈ పని రేపే మొదలెట్టొచ్చు. దానికి కాన్సులేట్ పర్మిషన్ అక్కర్లేదు.