ఇంట్లోనే ఒక సర్వర్

సర్వర్ అనగానే చల్లటి గదిలో వరుసగా నిలబెట్టిన పెద్ద యంత్రాలు గుర్తుకు వస్తాయి. నిజానికి సర్వర్ అనేది యంత్రం పేరు కాదు, అది చేసే పని పేరు. ఇతర కంప్యూటర్లు అడిగినది అందించే కంప్యూటర్ ఏదైనా సర్వరే. మీ ఇంట్లో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ కూడా ఆ పని చేయగలదు.

దీని అవసరం ఏమిటి? ఢిల్లీ పక్కనే ఉన్న నోయిడా సంగతి చూద్దాం. 2003లో ఏర్పడిన నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ తన మొదటి కూడలిని అక్కడే నెలకొల్పింది. అంతకు ముందు మన దేశంలోని ఒక ఇంటర్నెట్ కంపెనీ నుంచి మరో కంపెనీకి వెళ్లే సమాచారం తరచు విదేశాల మీదుగా తిరిగి వచ్చేది. ఇక్కడిది ఇక్కడే చేతులు మారితే ఖర్చూ ఆలస్యమూ తగ్గుతాయి. మీ ఇంటికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక గదిలోని ఫోటో పక్క గదికి చేరడానికి దూరదేశం దాకా వెళ్లి రావడం ఎందుకు?

ఏర్పాటు

పాత కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే లైనక్స్‌ను వేయండి. దానిని కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. రౌటర్ ప్రతి పరికరానికీ ఒక అడ్రసు ఇస్తుంది. 192.168 అంకెలతో మొదలయ్యేవి ఇంటి లోపలి అడ్రసులు. బయటి ఇంటర్నెట్‌లో అవి చెల్లవు. అడ్రసు మారుతూ ఉంటే మిగతా కంప్యూటర్లు సర్వర్‌ను కనుక్కోలేవు. కాబట్టి రౌటర్‌లో దానికి ఒకే అడ్రసును ఖాయం చేయండి. తరువాత ‘సాంబా’ అనే ప్రోగ్రాము వేస్తే, సర్వర్‌లోని ఫోల్డర్లు విండోస్ కంప్యూటర్లలో కూడా తెరుచుకుంటాయి.

నిర్వహణ

ఏర్పాటుకు ఒక సాయంత్రం చాలు. నిర్వహణ మాత్రం ఎప్పటికీ ఉండే పని.

మొదటిది కరెంటు. 50 వాట్ల యంత్రం 24 గంటలూ నడిస్తే రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు ఖర్చవుతాయి. 5 వాట్ల చిన్న బోర్డు వాడితే నెలకు 3.6 యూనిట్లే.

రెండవది భద్రత. 2017 మే నెలలో ‘వాన్నాక్రై’ అనే హానికర ప్రోగ్రాము, విండోస్ ఫైళ్లు పంచుకునే విధానంలోని ఒక లోపం ద్వారా అనేక దేశాల కంప్యూటర్లలో చొరబడి ఫైళ్లకు తాళం వేసింది. ఆ లోపానికి సవరణ అంతకు రెండు నెలల ముందే విడుదలైంది! కాబట్టి సవరణలు వెంటనే వేసుకోండి. ఫైళ్లు పంచుకునే ద్వారాన్ని రౌటర్ బయటికి ఎన్నడూ తెరవకండి.

మూడవది నకళ్లు. ఒక మే నెల రాత్రి మా ఇంట్లో కరెంటు పోతూ వస్తూ ఉండగా సర్వర్ పాడయింది. అందులో రెండు డిస్కులు ఉన్నాయని ధీమాగా ఉండేవాణ్ణి. రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి; రెండూ పోయాయి. వాటితో పాటు నా పాఠాల నోట్సు కూడా పోయింది. అందుకే సమాచారాన్ని మూడు చోట్ల ఉంచండి. అందులో ఒకటి ఇంటి బయట ఉండాలి. సర్వర్‌కు యు.పి.ఎస్. కూడా పెట్టండి.

చేసి చూడండి: పరీక్ష కోసం ఒక ఫోల్డర్ తయారుచేసి, నకలు తీసి, అసలును చెరిపేయండి. నకలు నుంచి అది తిరిగి వచ్చిందా? వచ్చినప్పుడే మీ సర్వర్ సిద్ధమైనట్లు.