మిషన్ అంకె చూసి మనిషిని తిట్టొద్దు

హొసకోటెలో మనవాళ్ళుండే వీధుల్లో పొద్దున టీ అంగడి దగ్గర నిలబడితే చాలు, "నీకెంతొచ్చింది?" అనే మాట వినబడతాది. అడిగేది షుగర్ గురించే. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. మందులు, పథ్యం గురించి డాక్టర్లు చెప్తానే ఉన్నారు. ఇంట్లోకొచ్చిన మిషన్‌తో మనసు పడే అవస్థ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

వేలు గుచ్చి చూసే మీటరు అందరికీ తెలిసిందే. రెండోది చేతికి అంటించే సెన్సార్. రూపాయి బిళ్ళంత ఉంటాది. దాని సన్న తీగ చర్మం కింద ఉండి 10 నుంచి 14 రోజులు రాత్రింబవళ్ళు లెక్క చెప్తాది. మూడోది ఇన్సులిన్ పంపు. సెన్సార్ లెక్కను బట్టి ఇన్సులిన్‌ను తానే పెంచి తగ్గించే పంపుకు అమెరికాలో 2016లో అనుమతి ఇచ్చారు. మన దేశంలోనూ దొరుకుతాయి గానీ ఖరీదు లక్షల్లో. అంత ఖరీదుదైనా, ఎంత తినబోతున్నామో దానికి మనమే చెప్పాల.

మిల్లులో చేసినవాళ్ళకు ఇది తెలియని సంగతి కాదు. ఆటోమేటిక్ మగ్గం మీద ప్రతి పడుగు పోగుకూ ఒక సన్న రేకు వేలాడేది. పోగు తెగితే రేకు కిందపడి మగ్గం దానంతటదే నిలిచిపోయేది. తెగిన పోగు వెతికి ముడి వేసేది మాత్రం మన చెయ్యే. ఆగిన ప్రతిసారీ మేస్త్రీ వచ్చి అరిస్తే చేతులు వణికి ముడి సరిగ్గా పడేది కాదు. ఇప్పుడు మన ఇళ్ళల్లో జరిగేదీ అదే.

మీటరులో 250 వచ్చిందనుకోండి. "మళ్ళీ ఏం తిన్నావు?" అని కొడుకు, "నోరు కట్టుకోలేవా?" అని భార్య. మార్కులు తగ్గిన పిల్లోడి మాదిరి పెద్దాయన తల దించుకుంటాడు. తర్వాత చూసుకోవడమే మానేస్తాడు, లేదంటే పుస్తకంలో తగ్గించి రాస్తాడు. ఆ తప్పు లెక్క చూసి డాక్టరు మందు రాస్తే నష్టం ఎవరికి? షుగర్ పెరిగేది తిండితోనే కాదు. జ్వరం, పుండు, నిద్ర లేకపోవడం, అప్పుల దిగులు, కొన్ని మందులు కూడా పెంచుతాయి.

ఇంకొకటి తొందర. సూది వేసుకున్న గంటకే అంకె దిగలేదని ఇంకో సూది వేసుకునేవాళ్ళున్నారు. భోజనం ముందు వేసుకునే ఇన్సులిన్ మూడు నాలుగు గంటలైనా పనిచేస్తానే ఉంటాది. రెండూ కలిసి అర్ధరాత్రి షుగర్ పడిపోతే ప్రాణం మీదికొస్తాది.

సెన్సార్ పెట్టుకున్నవాళ్ళకు అలారం బాధ. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకున్నా షుగర్ తగ్గిందని తప్పుగా మోగుతాది. నాలుగు రోజులకు విసుగొచ్చి సౌండు ఆపేస్తారు. నిజంగా పడిపోయిన రాత్రి లేపేది ఏదీ ఉండదు. మోగితే పక్కకు తిరిగి, వేలు గుచ్చి చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళల్లో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాల. చెమట, వణుకు పుడితే అంకె కోసం ఆగొద్దు. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాల.

మీటరు మాటా దేవుడి మాట కాదు. అసలు 200 ఉంటే మంచి మీటరే 170 చూపొచ్చు, 230 చూపొచ్చు. పండు తిన్న చెయ్యి కడుక్కోకుండా గుచ్చినా ఎక్కువ చూపుతాది. ఒక్క అంకెకు గుండె బాదుకోవద్దు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష వేరే ఉంది.

ఈ దిగులు మన ఒక్కరిదే కాదు. 1995లోనే అమెరికాలో విలియం పోలాన్‌స్కీ, ఆయన తోటి నిపుణులు షుగర్ ఉన్నవాళ్ళ మనసు కష్టం తెలుసుకోవడానికి 20 ప్రశ్నల పట్టీ తయారుచేశారు. భయం, ఒంటరితనం, తిండి మీద బెంగ అన్నీ అందులో ఉన్నాయి.

అందుకని అమ్మలూ, తమ్ముళ్ళూ, అంకె ఎక్కువొస్తే "ఏం తిన్నావు?" అనే బదులు "ఒంట్లో ఎట్లుంది, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. అంకె పక్కనే ఆ సంగతీ ఉన్నదున్నట్టు రాయండి. ఈసారి ఆస్పత్రికి పోయేటప్పుడు ఆ పుస్తకం, మిషన్ రెండూ తీసుకుపోండి. అలారం ఏ అంకెకు పెట్టాలో, ఇంకో సూది ఎప్పుడు వేసుకోవచ్చో డాక్టరును అడిగి అందులోనే రాయించుకోండి.