చచ్చుబడే తొడ కండ

దెబ్బ తగల్లేదు, జారి పడలేదు, బరువెత్తలేదు. అయినా ఉన్నట్టుండి తొడలో నొప్పి మొదలవుతుంది. నాలుగు రోజుల్లో వాచి, గట్టిపడి, చెయ్యి వేస్తే ఓర్చుకోలేనట్టు అవుతుంది. ఏళ్ల తరబడి షుగరు అదుపు తప్పినవారిలో అరుదుగా వచ్చే ఈ జబ్బు డయాబెటిక్ మయోనెక్రోసిస్. షుగరు కళ్లనీ కిడ్నీలనీ పాదాలనీ తినేస్తుందని మనందరికీ తెలుసు. కండనూ చంపగలదని విన్నవాళ్లు తక్కువ.

1965లో స్వీడన్ వైద్యులు ఆంగర్వాల్, స్టెనర్ ఇద్దరు మధుమేహ రోగుల్లో దీన్ని మొదట వర్ణించారు. చూడ్డానికి కణితిలా ఉందని తమ వ్యాసం పేరులోనే రాశారు.

జరిగేది ఒక రకంగా గుండెపోటు లాంటిదే, కాకపోతే తొడలో. ఏళ్లుగా చక్కెర ఎక్కువైన రక్తం పారీ పారీ సన్నటి రక్తనాళాల గోడలు మందమవుతాయి, లోపలి దారి ఇరుకవుతుంది. రక్తం అందని కండ చచ్చుబడి వాస్తుంది. కండను గట్టిగా చుట్టి ఉన్న పొర సాగదు కాబట్టి, ఆ వాపు మిగిలిన నాళాలనూ నొక్కేస్తుంది. ఎక్కువగా తొడ ముందు కండకు, అప్పుడప్పుడు పిక్కకు వస్తుంది. వీళ్లలో చాలామందికి అప్పటికే కిడ్నీలో, కళ్లో దెబ్బతిని ఉంటాయి. (తొడ వాయకుండా సన్నబడి, కూర్చుంటే లేవలేకపోవడం వేరు. అది నరాలకు వచ్చే జబ్బు.)

నన్ను భయపెట్టేది దీన్ని పోల్చుకోవడంలో జరిగే పొరపాటు. చీముగడ్డ అనుకుని కోస్తే చీము ఉండదు, కోసిన పుండు మాత్రం మానడానికి మొరాయిస్తుంది. జ్వరం సాధారణంగా ఉండదు. కండ దెబ్బతింటే రక్తంలో పెరగాల్సిన సీకే ఎంజైమ్ కూడా చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. కాలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో డాప్లర్‌తో చూసి, ఎంఆర్ఐ తీస్తే కండలో వాపు స్పష్టంగా కనబడుతుంది. అప్పుడు చాలామందికి ముక్క తీసి పరీక్షించే పనే ఉండదు.

వైద్యం మాత్రం సాదాసీదాది: కాలికి విశ్రాంతి, నొప్పికి మందు, తరచుగా చిన్న మోతాదులో ఆస్పిరిన్, షుగరుకు గట్టి అదుపు. కిడ్నీలు దెబ్బతిన్నవారు మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగడం ప్రమాదం. కొన్ని వారాల్లో, ఒక్కోసారి నెలల్లో నొప్పి తగ్గుతుంది. తగ్గిన చాలామందిలో మళ్లీ వస్తుంది, అదే తొడకో, రెండో తొడకో.