పానశాల గోడకు తగిన చిత్రము

ఇంటిలో విస్కీకై ఒక గదిని ప్రత్యేకించుకొనుట మన పల్లెసీమలకు క్రొత్త వేడుక. పిడుగురాళ్ల, సత్తెనపల్లి నడుమ బాటపై నున్న రాజుపాలెములో ఒక గృహస్థు అట్టి గదిని అమర్చుకొన్నాడనుకొందము. అద్దాల బీరువా, నాలుగు కుర్చీలు, చిన్న బల్ల సమకూరినవి. ఇక మిగిలినది గోడ. దానిపై ఏమి తగిలింపవలెను?

మొదట తగనివి చూతము. విస్కీ కంపెనీల ప్రకటన పటములు చౌకగా దొరకును. కాని ఇల్లు అంగడి కాదు. తలుపు తీసియున్నపుడు పిల్లలు చూచునది సీసా కాదు, గోడ. ఆ గోడ త్రాగుడును పొగడుచుండరాదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరుగబడిరి, 1995లో రాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలినది. చట్టము సడలినను ఆ తల్లుల వేదన మరువదగినది కాదు.

దేవతల పటములును ఈ గదికి తగవు. శ్రీకాళహస్తి కలంకారీ మిక్కిలి అందమైనదే. కాని అందు అధికభాగము ఆలయములకై రామాయణ భారత కథలతో పెరిగిన పని. పల్నాటిలో మరియొక జాగ్రత్త అవసరము. కారెంపూడిలో వీరులకు గుడి కలదు, వారి ఆయుధములకు పూజ కలదు. కావున పూజలందుకొను వీరుల రూపములను సైతము మధుపాత్రల నడుమ నిలుపరాదు.

మరి తగినదేది? దూరము పోనక్కరలేదు. మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండ లోయలో క్రీ.శ. 3వ శతాబ్దిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసినది. అచటి రాజప్రాసాద స్థలమున దొరకిన ఒక శిల్పమున గడ్డముగల పురుషుడొకడు, సగము దిగంబరుడై, కొమ్మువంటి పానపాత్రను చేతబట్టి నిలిచియున్నాడు. ప్రక్కన మద్యభాండము. గ్రీకుల మద్యదేవతయైన డయోనైససుతో ఇతనిని పండితులు పోల్చిరి. రోమను నాణెములును ఆ లోయలో దొరకినవి. సముద్రవర్తకము ఎంత దూరము వచ్చినదో వానివలన తెలియును. లోయ జలాశయమున మునుగగా, అచటి శిల్పసంపద నేడు కొండపైని మ్యూజియములో నున్నది. విజయపురి దక్షిణమునుండి లాంచీపై పోయి చూడవచ్చును. లేతపచ్చ ఛాయగల సున్నపురాతి శిల్పమునకు పెద్ద ఛాయాచిత్రమొకటి తెల్లని గోడపై చక్కగా నప్పును.

రెండవది కోడిపోరు. 12వ శతాబ్దినాటి పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మ కోడికిని బ్రహ్మనాయుని కోడికిని పోరు జరిగెను. ఓడిన పక్షము పందెము ప్రకారము ఏడేండ్లు రాజ్యము విడిచిపోయెను. ఈ ఘట్టమును కలంకారీ పనివారిచేత వ్రాయించుకొన్నచో కనులకు రంగులును, అతిథులకు కథయును లభించును. హద్దు మీరిన పందెము ఏమి చేయునో ఆ గదిలో ఎవరును నోరు విప్పి చెప్పనక్కరలేదు.

ఇక అమరిక. నిలుచుండి చూచు గదిలో చిత్రమధ్యము నేలనుండి సుమారు 5 అడుగుల ఎత్తున నుండవలెను. ఇచట కూర్చుండి చూతురు. కావున ఎదుటి గోడపై 4 అడుగులు చాలును. బల్లపైగాని, సోఫాపైగాని తగిలించినచో చిత్రము వెడల్పు దానిలో మూడింట రెండు వంతులుండిన పొందిక కుదురును. పిడుగురాళ్ల సున్నము వేసిన గోడ మంచి నేపథ్యమే. కాని అది పూర్తిగా ఆరకముందే తగిలించినచో తేమకును క్షారమునకును కాగితము, రంగులు చెడును. పటము వెనుక గాలి ఆడునట్లు కొంచెము ఎడమునుంచవలెను.

రెంటచింతల ఎండలు ఎరిగిన సీమ ఇది. సూటియైన ఎండకు చెట్ల రంగులు వెలిసిపోవును. సీసాలోని విస్కీ రంగును, రుచియును మారును. కావున కిటికీకి తెర, చిత్రముపై మందమైన దీపము రెంటికిని మేలు.

ఒక్క గోడకు ఒక్క చిత్రము చాలును. మొదటి గ్లాసు నిండక మునుపే అతిథి దానిని చూచి, "ఇది ఎచటిది?" అని అడిగినచో ఆ చిత్రము తన పని చేసినట్లే. ఆపై సంభాషణ సాగునంత సేపు గ్లాసు నెమ్మదిగానే తరుగును.