డబ్బా కాఫీ గింజలా, ఇంట్లో వేయించిన గింజలా?



మొన్న పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయ్యాక ఒక తండ్రిగారు ఆగి అడిగారు. “మాస్టారూ, ఇంట్లోకి ఎస్ప్రెసో మిషన్ కొన్నాం. విదేశీ గింజల డబ్బా తెప్పిస్తే వాసనే లేదు. పచ్చి గింజలు తెచ్చి ఇంట్లోనే వేయించుకుంటే మంచిదంటున్నారు, నిజమేనా? మా అమ్మాయి టెన్త్, రాత్రి చదువుకు కాఫీ కావాలంటుంది. తాజాది, చికోరీ లేనిదైతే ఫర్వాలేదు కదా?”

మొదటి ప్రశ్నకు జవాబు గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు సులువుగా అర్థమవుతుంది. మిర్చి కాయను కోల్డ్ స్టోరేజీలో పెడితే నెలల తరబడి రంగూ ఘాటూ నిలుస్తాయి. కారం పట్టించాక ఆ నిలకడ ఉండదు. కాఫీ కూడా అంతే. పచ్చి గింజ పొడిచోట దాదాపు ఏడాది ఉంటుంది. దాన్ని 200 డిగ్రీల వేడి దాకా వేయించినప్పుడు మనం కాఫీ వాసన అనుకునే వందల రకాల పదార్థాలు పుడతాయి. వాటితోపాటు గింజలో కార్బన్ డయాక్సైడ్ నిండుతుంది. ఆ క్షణం నుంచి గ్యాస్ బయటికి పోతూ, గాలిలోని ఆక్సిజన్ లోపలికి వస్తూ ఉంటుంది. గింజలోని నూనె మెల్లగా పాతబడుతుంది. వేయించిన గింజ రెండు మూడు వారాలు బాగుంటుంది, పొడి చేస్తే కొద్ది రోజులే.

మరి డబ్బా గింజలు ఏడాది పైగా ఎలా ఉంటాయి? చిప్స్ ప్యాకెట్‌లో లాగా గాలి తీసేసి నైట్రోజన్ నింపుతారు. గ్యాస్ ఒత్తిడికి డబ్బా ఉబ్బకుండా ముందే గింజలను కొంతకాలం ఆరబెట్టడమో, గ్యాస్ బయటికే పోయే చిన్న వాల్వు పెట్టడమో చేస్తారు. మూత తెరవనంత వరకు ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. తెరిచిన రోజు నుంచి డబ్బా గింజ కూడా మామూలు గింజే. పెద్ద డబ్బా కొని రెండు నెలలు వాడే ఇంట్లో ఆఖరి నెల తాగేది పేరుకే కాఫీ. ఇంకో మాట, ఎస్ప్రెసో గింజ అని వేరే మొక్క ఏదీ లేదు. 9 బార్ల ఒత్తిడితో దిగే కాఫీకి అనువుగా కలిపి, ముదురుగా వేయించిన గింజలే అవి. ఆ కప్పు మీద తేలే నురగకు కారణం గింజలో మిగిలిన గ్యాసే. నురగ రాకపోతే ముందు అనుమానించాల్సింది మిషన్‌ను కాదు, గింజ వయసును.

గింజ కోసం విదేశాల దాకా పోనక్కర్లేదు. మన మైదానాల ఎండకు అరబికా బతకదు. కానీ అరకు కొండల మీద సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య పండుతోంది. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక పసుపు యార్డుకు పేరున్న మన దుగ్గిరాలలోనే చల్లా రాజేంద్రప్రసాద్ గారు స్థాపించిన సీసీఎల్ ప్రోడక్ట్స్ ఇన్‌స్టంట్ కాఫీ తయారుచేసి ఎన్నో దేశాలకు పంపుతోంది.

ఇంట్లో వేయించాలంటే 250 గ్రాములతో మొదలుపెట్టండి. ఇనప మూకుడు, మధ్యస్థ మంట, ఆపకుండా కలపడం. గింజ పసుపురంగుకు తిరిగి ఎండుగడ్డి వాసన వస్తుంది, తర్వాత గోధుమరంగు. పది పన్నెండు నిమిషాలకు పేలాల్లాగా చిటపటమంటుంది. ఆ చప్పుడు తగ్గాక ఒకటి రెండు నిమిషాల్లో దించేయాలి. ఆలస్యమైతే మాడు చేదు. వెంటనే చేటలో పోసి ఆరుబయట చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది, గింజ చల్లారుతుంది. పొగ బాగా వస్తుంది కనుక కిటికీలు తెరవండి, చిన్నపిల్లలను దూరంగా ఉంచండి. తూకం 210 గ్రాములకు అటూ ఇటూ వస్తుంది, పోయిందంతా ఎక్కువగా నీరే. ఒకరోజు ఆగి, గాలి చొరని డబ్బాలో పెట్టి, ఏ రోజుకు ఆ రోజు పొడి కొట్టుకోండి. కారం ఆడిన మిక్సీ జార్ మాత్రం వద్దు. నేను ఒకసారి చేశాను, ఆ వారమంతా ఇంట్లో ఎవరూ నా కాఫీ ముట్టలేదు.

నిజం చెప్పాలంటే మొదటి రెండు మూడు వాయిలు సమంగా రావు. డబ్బా గింజలో ఉండే నిలకడ ఇంటి మూకుడులో ఉండదు. అంత ఓపిక లేనివాళ్లు గింజలు వేయించి ఆడించే కొట్టు నుంచి వారానికి సరిపడా తెచ్చుకుంటే రెండిటికంటే మేలని నా అభిప్రాయం. వేయించిన తేదీ అడగడం మరవకండి.

ఇక రెండో ప్రశ్న. దీనికి జవాబు ఆ తండ్రిగారు అనుకున్నదానికి తలకిందులు. చాలా ఇళ్లలో వాడేది కాఫీ, చికోరీ కలిపిన పొడి. అందులో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, రెండిటి శాతాలూ ప్యాకెట్ మీద వేయాలని ఆహార భద్రతా నిబంధన. చికోరీలో కెఫీన్ లేదు. అంటే సగం చికోరీ ఉన్న పొడి మాని స్వచ్ఛమైన గింజకు మారితే, అదే చెంచాకు పిల్లకు అందే కెఫీన్ దాదాపు రెట్టింపవుతుంది. గింజ రోబస్టా అయితే అరబికా కంటే మరో రెట్టింపు దాకా. తాజాదనం రుచిని పెంచుతుంది తప్ప కెఫీన్‌ను తగ్గించదు.

యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు ఆందోళన లేదని చెప్పింది. 40 కిలోల పిల్లకు 120 మిల్లీగ్రాములు. చిక్కటి డికాక్షన్ ఒక కప్పుతోనే చాలావరకు ఆ లెక్క నిండుతుంది. పైగా ఒంట్లోని కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరుకు తాగినదానిలో సగం రాత్రి పదకొండుకూ ఉంటుంది. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలో. అందుకే ఆ తండ్రిగారితో, మిషన్ మీరు వాడుకోండి, పరీక్షలయ్యేదాకా అమ్మాయికి రాత్రిపూట వేడిపాలు ఇవ్వండి అన్నాను. పక్కనే ఉన్న అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది. “పొద్దున పూట అరకప్పు?” అని బేరం పెట్టింది. సరేనన్నాను.