పారాసిటమాల్

పారాసిటమాల్ జ్వరమును తగ్గించుటకు, తలనొప్పి, ఒళ్ళునొప్పుల నుండి ఉపశమనము కలిగించుటకు వాడే ఔషధము. దీనిని 1878లో హార్మన్ నార్త్రాప్ మోర్స్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. 1950వ దశకములో ఇది విరివిగా వాడుకలోకి వచ్చినది. భారతదేశములో క్రోసిన్, డోలో, కాల్పాల్ మొదలైన పేర్లతో లభిస్తుంది. అమెరికాలో దీనిని అసిటమినోఫెన్ అంటారు. టైలినాల్ అక్కడ ప్రసిద్ధమైన వ్యాపారనామము.

మోతాదు

ఆరోగ్యవంతులైన పెద్దలకు ఒక్కొక్కసారి 500 నుండి 1000 మిల్లీగ్రాములు ఇస్తారు. రెండు మోతాదుల మధ్య కనీసము 4 గంటల వ్యవధి ఉండాలి. 24 గంటలలో మొత్తము 4000 మి.గ్రా. మించరాదు. కాలేయ వ్యాధి ఉన్నవారు, మద్యపానము అలవాటున్నవారు, బాగా బక్కచిక్కినవారు వైద్యుని అడిగి వాడవలెను.

పిల్లలకు మోతాదును బరువును బట్టి లెక్కిస్తారు: కిలోకు 10 నుండి 15 మి.గ్రా. అనగా 10 కిలోల బిడ్డకు ఒక్కసారికి 100 నుండి 150 మి.గ్రా. సరిపోతుంది. భారతదేశములో అమ్మే చుక్కల మందులో సాధారణముగా 1 మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది, సిరప్‌లో 5 మి.లీ.కు 120, 125 లేదా 250 మి.గ్రా. ఉంటుంది. సిరప్ కొలతతో చుక్కల మందు పోసినచో బిడ్డకు 500 మి.గ్రా. అందుతుంది. కావున సీసాపై ముద్రించిన పరిమాణమును ప్రతిసారి చూడవలెను. మూడు నెలల లోపు శిశువుకు జ్వరము వస్తే వెంటనే వైద్యునికి చూపించాలి.

ఒకే మందు, అనేక పేర్లు

జలుబు మాత్రలలోను, ఐబుప్రోఫెన్ కలిపిన నొప్పి మాత్రలలోను కూడా పారాసిటమాల్ తరచుగా ఉంటుంది. జ్వరానికి ఒక మాత్ర, జలుబుకు మరొకటి వేసుకున్నవారు తెలియకుండానే ఒకే మందును రెండింతలు తీసుకొనే ప్రమాదమున్నది. వ్యాపారనామము కంటే అట్టపై ఉన్న అసలు మందు పేరును చదువుట ముఖ్యము.

అధిక మోతాదు

కాలేయములో ఈ మందు విచ్ఛిన్నమగునపుడు కొద్దిగా ఒక విషపదార్థము ఏర్పడుతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థము దానిని నిర్వీర్యము చేస్తుంది. మోతాదు మితిమీరినపుడు గ్లూటాథయోన్ తరిగిపోయి కాలేయ కణాలు నశిస్తాయి. మొదటి రోజు వాంతులు తప్ప ఏ లక్షణమూ కనపడకపోవచ్చు. కాలేయము దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకు బయటపడుతుంది. దీనికి అసిటైల్ సిస్టీన్ విరుగుడు. ఇది 8 గంటలలోపు ఇచ్చినపుడు బాగా పనిచేస్తుంది. కాబట్టి లక్షణాల కొరకు వేచి ఉండక, మందు అట్టతో సహా ఆసుపత్రికి వెళ్ళవలెను.

ఇతర మందులు

డెంగ్యూ అనుమానమున్నపుడు రక్తస్రావమును పెంచగల ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్‌లను వాడరాదు. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే తగినది. జ్వరముతో ఉన్న పిల్లలకు వైద్యుని సలహా లేకుండా ఆస్పిరిన్ ఇవ్వరాదు. 12 సంవత్సరముల లోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకమును భారత ప్రభుత్వము 2011లో నిషేధించినది.